సజెషన్ బాక్స్ ఖాళీ, ఐడియా మాత్రం డ్రాయర్‌లో ఉంది

బాలానగర్_ప్రొడక్షన్

అందరికీ నమస్కారం. బాలానగర్‌లో ఒక చిన్న మెషినింగ్ యూనిట్‌లో ప్రొడక్షన్ చూసుకుంటాను. నలభై మంది దాకా ఉంటాం, రెండు షిఫ్టులు. పంపులకు ఫ్లాంజీలు, కవర్లు, బుష్‌లు చేస్తాం. ఉగాదికి మా ఓనర్ గారు గేటు పక్కన సజెషన్ బాక్స్ పెట్టించి తాళం కూడా వేయించారు. ఇప్పటిదాకా అందులో పడినవి: టీ నీళ్లలా ఉంటోందని ఒక చీటీ, బాత్రూమ్ గడియ ఊడిందని ఒక చీటీ, మిగతావి గుట్కా కవర్లు. అందుకని నెలకో బెస్ట్ ఐడియాకి ఐదు వేలు ఇద్దాం, ఫొటో గోడకు పెడదాం అంటున్నారు.

నా డౌట్ వేరే. మొన్న సెకండ్ షిఫ్ట్‌లో డ్రిల్లింగ్ మెషిన్ వైపు వెళ్లాను. ఫ్లాంజీకి నాలుగు హోల్స్ వేయాలంటే మార్కింగ్ చేసి, పంచ్ కొట్టి, వైస్‌లో బిగించుకోవాలి. మా ఆపరేటర్ ఇవేవీ చేయడం లేదు. స్క్రాప్ ప్లేటు ముక్కతో తనే ఒక జిగ్, అంటే డ్రిల్ ఎక్కడ దిగాలో చూపించే హోల్స్ ఉన్న అచ్చు, చేసుకున్నాడు. ఫ్లాంజీ మీద అది పెట్టి, క్లాంప్ తిప్పి, నేరుగా డ్రిల్ దించేస్తున్నాడు. ఒక మూల చిన్న పిన్ను వెల్డ్ చేశాడు, అందుకని తిరగేసి పెడదామన్నా కూర్చోదు. నన్ను చూడగానే దాన్ని మెషిన్ తుడిచే బనియన్ వేస్ట్‌లో చుట్టి డ్రాయర్‌లో తోసేశాడు. ఏంటది అంటే "ఏం లేదు సార్, ఊరికే" అన్నాడు.

ఇంత బుర్ర ఉన్న మనిషి బాక్సులో ఒక్క చీటీ కూడా ఎందుకు వేయలేదు? ఐదు వేలు పెడితే వేస్తాడా?

గచ్చిబౌలి_గోపి

డబ్బు ఎవరికి చేదు బ్రో, పెట్టి చూడండి. దాంతోపాటు కొంచెం ఫ్రీ టైమ్ కూడా ఇవ్వండి. త్రీఎమ్ అనే అమెరికన్ కంపెనీలో టెక్నికల్ స్టాఫ్‌కి 15 శాతం సమయం సొంత ఐడియాల మీద పెట్టుకోవచ్చని ఎప్పటినుంచో ఉంది. 1968లో అక్కడ ఒకాయన తయారుచేసిన గట్టిగా అంటుకోని జిగురుకి చాలా ఏళ్లు పనేమీ దొరకలేదు. చివరికి అదే 1980లో పోస్ట్-ఇట్ (అంటించి పీకేసే చిన్న నోట్ కాగితాలు) అయి మార్కెట్‌లోకొచ్చింది.

పాత_టూల్‌రూమ్

గోపి గారూ, ఆ 15 శాతం ల్యాబ్‌లో కూర్చునే వాళ్లకి. మన డ్రిల్లింగ్ ఆపరేటర్‌ని గంటకు ఎన్ని పీసులని లెక్కకట్టి నిలబెడతారు. ఆయనకి పావుగంట టీ బ్రేక్ దొరికితే అదే పదివేలు.

ప్రొడక్షన్ గారూ, నేను జిగ్‌లు, డైలు చేసే టూల్ రూమ్‌లోనే ముసలివాడినయ్యాను. ఇలాంటి డ్రాయర్ లేని షాపును ఇంతవరకూ చూడలేదు. మనవాళ్లకి ఐడియాలకేం కొదవ? చూపిస్తే ఏమవుతుందో వాళ్లకి బాగా తెలుసు. ఆ జిగ్‌తో ఆయన గంటకు పాతిక పీసులు ఎక్కువ తీయగలడనుకోండి. మీకు తెలిసిన మర్నాడే బోర్డు మీద టార్గెట్ మారుతుంది. ఓటీ పోతుంది. పక్క మెషిన్ వాడు "నీ వల్లే కదరా" అంటాడు. ఐదు వేలు ఒక్కసారి వస్తాయి, పెరిగిన టార్గెట్ మాత్రం ఇక దిగదు. దాచుకోక ఏం చేస్తాడు?

ఇదేదో మన తెలుగువాళ్ల గుణం అనుకోకండి. చికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల హాథార్న్ ఫ్యాక్టరీలో 1931 నవంబరు నుంచి 1932 మే దాకా, టెలిఫోన్ స్విచ్‌ల పని చేసే 14 మందిని ఒక గదిలో పెట్టి గమనించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బు వచ్చే పద్ధతే. అయినా రోజుకి ఇంత అని వాళ్లలో వాళ్లే ఒక లెక్క పెట్టుకుని అక్కడికి ఆపేసేవాళ్లు. దాటిన వాడికి 'రేట్ బస్టర్' అని పేరు పెట్టేవాళ్లు, జబ్బ మీద ఒక గుద్దు కూడా పడేది. ఎక్కువ చేసి చూపిస్తే పీసుకిచ్చే రేటు కోస్తారని, మనుషుల్ని తీసేస్తారని భయం. తొంభై ఏళ్లు దాటినా ఆ గదికీ మీ సెకండ్ షిఫ్ట్‌కీ పెద్ద తేడా నాకైతే కనపడటం లేదు.

డబ్బు సంగతి కూడా చెప్తాను. 1962లో గ్లక్స్‌బర్గ్ అనే సైకాలజిస్టు ఒక పరీక్ష పెట్టాడు. ఒక కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, ఒక పెట్టె నిండా పిన్నులు ఇచ్చి కొవ్వొత్తిని గోడకి నిలబెట్టమన్నాడు. పిన్నులు బయట పోసి, ఖాళీ పెట్టెని గోడకి గుచ్చి స్టాండులా వాడాలి, అదీ కిటుకు. డబ్బు ఆశ చూపించిన వాళ్లకి సగటున మూడున్నర నిమిషాలు ఎక్కువే పట్టింది. పిన్నులు ముందే బయట పోసి ఇస్తే మాత్రం డబ్బు వాళ్లే గెలిచారు. అంటే దారి తెలిసిన పనికి డబ్బు ఊపునిస్తుంది. దారి వెతుక్కోవాల్సిన పనిలో కాళ్లకి అడ్డం పడుతుంది.

టొయోటాలో 1951 నుంచి వర్కర్ల సూచనలు తీసుకుంటున్నారు, ఫోర్డ్‌లో చూసొచ్చి మొదలుపెట్టారు. చాలా సూచనలకి అక్కడ దక్కేది చిన్న మొత్తమే. అంటే పెద్ద బహుమతే ఉండాలనేం లేదు.

ఇంకోటి, ఆ బాత్రూమ్ గడియ బిగించారా? బిగించకపోతే బాక్సు సంగతి మర్చిపోండి. షాపు మొత్తానికి జవాబు ఆ చీటీతోనే వెళ్లిపోయింది.

ఆలేరు_అమ్మాయి

మాది నేత కుటుంబం, ఇప్పుడు ఒక ఫార్మా ప్యాకింగ్ యూనిట్‌లో లైన్ లీడర్‌ని. ఆసు (చీర నేసే ముందు నూలును పిన్నుల చుట్టూ చేత్తో తిప్పి పోసే పని) యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారిది మా వైపే. ఆసు పోసీ పోసీ అమ్మకి భుజం నొప్పి, అది చూడలేక మొదలుపెట్టారు, 1999లో యంత్రం పూర్తయింది. పద్మశ్రీ 2017లో వచ్చింది. అవార్డు వస్తుందని చేసింది కాదు కదా.

అందుకే మా లైన్‌లో నేను ఐడియా ఇవ్వమని అడగను. ఐడియా అనగానే అదేదో చదువుకున్న వాళ్ల వ్యవహారం అనుకుని అందరూ తల దించుకుంటారు. "అక్కా, ఈ పనిలో ఎక్కడ నొప్పి పుడుతోంది?" అంటాను, ఇక ఆపలేం. కార్టన్ టేప్ స్టాండు జానెడు పైకి లేపాలని అలాగే తెలిసింది. స్టోర్స్‌లో పడి ఉన్న చెక్క దిమ్మ తెచ్చి ఆ షిఫ్ట్‌లోనే వేసేశాం.

బాలానగర్_ప్రొడక్షన్

టూల్‌రూమ్ సార్, గడియ బిగించలేదు. పొద్దున మెయింటెనెన్స్ వాళ్లని దగ్గరుండి పంపించి బిగించాను. ఓనర్ గారితోనూ మాట్లాడాను. వర్కర్ సొంతంగా తెచ్చిన మార్పు వల్ల మిగిలిన టైమ్‌కి ఆరు నెలలు టార్గెట్ ముట్టుకోం అని నోటీసు పెట్టడానికి సరే అన్నారు. కాస్త గొణిగారు, కస్టమర్ రేటు తగ్గించమంటే ఏం చేయాలని. ఐదు వేల ఐడియా మాత్రం వదలటం లేదు. ఇప్పుడు ఆ డ్రాయర్ సంగతి మా ఆపరేటర్‌ని ఎలా అడగాలి?

పాత_టూల్‌రూమ్

అడగొద్దు. ముందు నోటీసు పెట్టండి, అందులో ఓనర్ సంతకం ఉండాలి, మీది చాలదు. ఐదు వేలు ఇవ్వాల్సిందే అంటే ఒక్కరికి కాకుండా ఆ షిఫ్ట్ మొత్తానికి బిర్యానీ పెట్టించమనండి, గుద్దులు తప్పుతాయి.

ఆ ఆపరేటర్ జిగ్ స్క్రాప్ ప్లేటుది అన్నారు కదా, మెత్తటి మైల్డ్ స్టీలే అయి ఉంటుంది. హోల్స్‌లో డ్రిల్ బుష్‌లు (డ్రిల్‌ని నిటారుగా పట్టి ఉంచే గట్టి స్టీలు గొట్టాలు) లేకుండా డ్రిల్ దించితే ఆ హోల్స్ ఈపాటికి అరిగి ఉంటాయి, సెంటర్ తప్పుతూ ఉంటుంది, ఆయన లోపల్లోపల టెన్షన్ పడుతూనే ఉంటాడు. ఆ సైజుకి నాలుగు హార్డెన్డ్ డ్రిల్ బుష్‌లు తెప్పించి టూల్ క్రిబ్‌లో, అంటే టూల్స్ ఇచ్చే కౌంటర్‌లో, పెట్టించండి. అందరూ ఉన్నప్పుడే, ఎవరికైనా కావాలంటే రాయించుకుని తీసుకోండి అని చెప్పండి. తీసుకునేది ఎవరో మీకు తెలుసు.

గచ్చిబౌలి_గోపి

బిర్యానీకి నా ఓటు. మా ఆఫీసులోనూ అడుగుతాను, మాకు సర్టిఫికెట్ పీడీఎఫ్ పంపిస్తున్నారు.