పాత రీలోడింగ్ ప్రెస్‌కి కొత్త పెయింట్ కొట్టాలా, ఉన్నదున్నట్టు వదిలేయాలా?

గ్రీజుచేతులు:
అన్నలూ ఒక డౌటు, కొట్టుకోకుండా చెప్పండి. ఎవరో పెద్దాయన పోయాక వాళ్ళ పిల్లలు గ్యారేజీ సామాన్లన్నీ అమ్మేస్తుంటే వెళ్ళి ఒక పాత హెర్టర్స్ ప్రెస్ పట్టుకొచ్చా. తెలియనోళ్ళ కోసం, ఇది కాల్చేసిన తూటా గుల్లల్ని మళ్ళీ సైజు చేసి నింపుకునే చేతి ప్రెస్, పైన డై, అంటే గుల్లకి సైజిచ్చే అచ్చు బిగిస్తారు, హ్యాండిల్ లాగితే కింద నుంచి గుల్లని మోసే రామ్ అనే కడ్డీ పైకొస్తుంది. మొత్తం పోత ఇనుము, కారు దాకా మోసేసరికి నడుం పట్టేసింది. ఎవరో బ్రష్షుతో వెండి రంగు పూశారు, అది పెచ్చులూడుతోంది, కింద ఇంకేదో ముదురు రంగు కనపడుతోంది. రామ్ సగం దాకా తుప్పు, హ్యాండిల్‌ని రామ్‌కి కలిపే లింకు పిన్ను దగ్గర కొంచెం ఆడుతోంది. నా ప్లాన్ ఏంటంటే అంతా విప్పేసి ఇనుము దాకా గీకి, పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించి అంటించేది) చేయించి, రామ్‌కి అద్దంలా పాలిష్ పట్టడం. మా ఫ్రెండొకడు విని "చంపేస్తావు దాన్ని" అన్నాడు. నిజమేనా?

పాతఇనుం_పిచ్చోడు:
నిజమే తమ్ముడూ, మీ ఫ్రెండు మాట విను. అది వసీకా ప్రెస్. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో వసీకా అనే చిన్న ఊళ్ళో కూర్చుని జార్జ్ హెర్టర్ అనే ఆయన కేటలాగు మీద దేశమంతా సరుకు అమ్మాడు, ఆ కేటలాగు చదివితే ప్రతి వస్తువూ ప్రపంచంలోనే గొప్పది, మిగతా వాళ్ళవన్నీ చెత్త అన్నట్టు ఉంటుంది, ఆ కోతలు చదవడానికే కేటలాగులు దాచుకునేవాళ్ళున్నారు. 1968 గన్ కంట్రోల్ చట్టం వచ్చాక పోస్టులో తుపాకులు, తూటాలు అమ్మడం బందైంది, అలాంటి వ్యాపారాలకి పెద్ద దెబ్బ. ఇక ఆ కంపెనీ నుంచి కొత్త ప్రెస్ రాదు. ఉన్నవాటిని పౌడర్ కోటింగ్‌లో ముంచేస్తే పదేళ్ళ తర్వాత అసలు ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో చూపించడానికి ఒక్కటీ మిగలదు. నూనె గుడ్డతో తుడు, తుప్పు ఆపు, అంతే. మిగతాదానికి చెయ్యి దురదపెడితే జేబులో పెట్టుకో.

రెంచ్‌రావు:
మొదలెట్టారు మళ్ళీ మ్యూజియం కబుర్లు. అన్నా అది పనిముట్టు, తంజావూరు బొమ్మ కాదు. ఫ్యాక్టరీవాళ్ళు రంగు ఎందుకేశారు? తుప్పు పట్టకూడదని. ఆ రంగు పోయింది కాబట్టి మళ్ళీ వేస్తాం, ఇందులో పాపమేముంది. నా దగ్గర ఏడు పాత ప్రెస్‌లున్నాయి, ఐదింటికి నేనే పెయింట్ కొట్టా, రోజూ వాడతా. వాడకుండా అలమరాలో పెట్టి దుమ్ము దులుపుకునేవాళ్ళు నాకు పాఠాలు చెప్పక్కర్లేదు.

పాతఇనుం_పిచ్చోడు:
రావు గారూ, మీరు పెయింట్ కొట్టిన లైమన్ కంపెనీ ప్రెస్ ఫోటో ఇక్కడే చూశాం కదా. పేరు అక్షరాలు వైరు బ్రష్ చక్రంతో అరిగిపోయి సబ్బు మీద పేరులా తయారైంది. పెయింట్ గురించి కాదు నా బాధ. పెయింట్ మళ్ళీ కొట్టుకోవచ్చు, గ్రైండర్ తినేసిన ఇనుము ఎక్కడ నుంచి తెస్తారు?

రెంచ్‌రావు:
అది నేను కొన్నప్పుడే అలా ఉంది. సగం.

సగంమర:
పౌడర్ కోటింగ్ అన్నావు కాబట్టి చెప్తున్నా, నా కథ విని నిర్ణయించుకో. రెండేళ్ళ క్రితం ఒక సి ఆకారం ప్రెస్ ఇలాగే ఇచ్చా, షాపతను కారు చక్రాలకి వేసేవాడు, బాగా చేస్తాడని పేరు. డై బిగించే రంధ్రం, రామ్ తిరిగే రంధ్రం మూసి వెయ్యమని చెప్పడం నా బుద్ధికి తట్టలేదు, అతనికి అవి ఏంటో తెలీదు. ఇంటికి తెచ్చి డై తిప్పితే రెండు చుట్లు దిగి ఆగిపోయింది. ఇప్పటి స్టాండర్డ్ డై అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల వెడల్పు, అంగుళానికి 14 మరలు. పౌడర్ పొర మిల్లీమీటరులో పదోవంతుకి దగ్గరగా వస్తుంది, మరకి రెండు పక్కలా ఆ పొర ఎక్కితే డై ఎక్కడ దిగుతుంది? ట్యాప్ పెట్టి మర శుభ్రం చేసుకున్నా సరే, రామ్ రంధ్రంలో ఉన్నది గీకేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది, గీకితే లోపలి ఇనుము కూడా పోతోంది. ఇప్పుడది నా బెంచీ మీద పేపర్ వెయిట్. కొత్త కారులా మెరుస్తూ ఉంటుంది, పనికి మాత్రం రాదు. చేయించేదే అయితే సిలికాన్ బిరడాలు నువ్వే పెట్టి, నువ్వే పక్కన నిలబడి చేయించుకో.

గ్రీజుచేతులు:
అమ్మో. సరే పౌడర్ కోటింగ్ పక్కన పెట్టా. తుప్పు తీయడానికి కరెంటుతో ఎలక్ట్రాలసిస్ చేస్తే? బట్టల సోడా నీళ్ళు, బ్యాటరీ చార్జర్, వీడియోలో ఒకాయన రాత్రి వేసి పొద్దున తీస్తే మొత్తం నల్లగా శుభ్రంగా వచ్చేసింది.

సీసంభయం:
పనిచేస్తుంది, కాకపోతే నాలుగు మాటలు. చార్జర్ నెగటివ్ నీ ప్రెస్‌కి, పాజిటివ్ ఒక చెత్త ఇనుప ముక్కకి, తిరగేస్తే నీ ప్రెస్సే కరుగుతుంది. ఆ చెత్త ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, అందులో క్రోమియం విషంగా మారి నీళ్ళలోకొస్తుంది, ఆ నీళ్ళు పారబోయలేవు ఉంచుకోలేవు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు మూసిన గదిలో వద్దు. అల్యూమినియం భాగం ఏదన్నా ఉంటే ముందే తీసెయ్, సోడా నీళ్ళు దాన్ని తినేస్తాయి.

అసలు దీనికన్నా ముందు చెప్పాల్సింది ఇంకోటి. ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేనే అంటా. పాత ప్రెస్‌లో బాడీ లోపల, రామ్ కింద, లింకుల సందుల్లో ఉండే నల్ల మసి గ్రీజు ఒక్కటే కాదు. కాల్చిన ప్రైమర్లని, అంటే గుల్ల అడుగున ఉండి మందు అంటించే చిన్న బిళ్ళల్ని, ఏళ్ళ తరబడి దాని మీదే ఊడగొట్టి ఉంటారు, ప్రైమర్లలో లెడ్ స్టిఫ్‌నేట్ అనే సీసం మందు ఉంటుంది, ఆ దుమ్మే అది. పైగా అమెరికాలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 1978లో ఆపారు, అంతకుముందు ఎవరో ఇంట్లో మిగిలిన డబ్బాలోంచి పూసిన రంగు అయితే అందులోనూ ఉండొచ్చు. కాబట్టి పొడిగా గీకొద్దు, గాలి గన్‌తో ఊదొద్దు, వైరు బ్రష్ చక్రం అసలొద్దు. తడిగుడ్డ, గ్లోవ్స్, తుడిచిన గుడ్డలు కవర్లో కట్టి వేరేగా. వంటింటి సింకులో కడగొద్దు, పిల్లలుంటే మరీనూ. నేను ఒకసారి ఊది, తర్వాత రక్తపరీక్ష చేయించుకుని నెల రోజులు నిద్రపోలేదు, పరవాలేదని వచ్చింది గానీ ఆ నెల నాకు తెలుసు.

రెంచ్‌రావు:
ఇది మాత్రం కరెక్టు. నేను కూడా ఇప్పుడు తడిగానే చేస్తా. చక్రం ఆపేశా. (పిచ్చోడన్నా, ఇది నీకు కాదు.)

కిరోసిన్‌తాత:
రంగు గురించి రెండు రోజుల్నుంచి కొట్టుకుంటున్నారు, అందులో పగులుందో లేదో ఒక్కడూ అడగలేదు. పోత ఇనుము వంగదు నాయనా, పగులుతుంది. సి ఆకారపు ప్రెస్ అయితే లాగినప్పుడల్లా నోరు కొంచెం తెరుచుకోవాలని చూస్తుంది, ఆ మూల దగ్గర చూడాలి. ఓ ఆకారం అయితే గట్టిదే, అయినా బెంచీకి బిగించే బోల్టు రంధ్రాల దగ్గర చూడు, వంకర బెంచీ మీద ఎవడో మొండోడు బిగించి ఉంటే అక్కడ చీలుతుంది.

చూసే పద్ధతి చెప్తా. ముందు తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో మెల్లిగా కొట్టు. గంటలా కంయ్ మని సాగితే మంచిది, కుండ పగిలిన శబ్దమొస్తే అనుమానించు. తర్వాత ఒంటి మీద కిరోసిన్ పూసి గంటసేపు వదిలెయ్, పొడిగుడ్డతో బాగా తుడిచి సుద్దపొడి చల్లు. పగులుంటే లోపల దాక్కున్న కిరోసిన్ బయటికొచ్చి తెల్లటి పొడి మీద తడి గీత గీస్తుంది, వెంట్రుకంత సన్నగా. ఆ గీత కనపడితే ఇంక వాడొద్దు, అలమరాలో పెట్టుకో. వెల్డింగ్ చేయిస్తానంటారు కొందరు, పోత ఇనుముకి నికెల్ రాడ్డు, ముందు వేడి, తర్వాత మెల్లగా చల్లార్చడం, ఇవన్నీ తెలిసినోడు దొరకాలి, దొరికినా దాని మీద బలం పెట్టి హ్యాండిల్ లాగమని నేను చెప్పను.

గ్రీజుచేతులు:
తాతా దండం. ఇవాళ అదే చేశా. శబ్దం బాగుంది, సుద్దపొడి మీద గీత రాలేదు. కానీ ఇంకోటి బయటపడింది. కిరోసిన్ తగిలి లింకు దగ్గర ఒకచోట వెండి రంగు ఊడిపోయింది, దాని కింద సూది పోటు లాంటి చిన్న చుక్క, పిన్ను తల మీద కూడా ఎదురుగా అలాంటిదే ఇంకో చుక్క. ఎడమ పక్క లింకుకి ఒక చుక్క, కుడి పక్క దానికి రెండు. ఏంటివి?

సగంమర:
సెంటర్ పంచ్ గుర్తులు బ్రో. విప్పినవాడు మళ్ళీ బిగించేటప్పుడు ఏది ఎటు పోవాలో తెలియడానికి పెట్టుకుంటాడు. అంటే నీకంటే ముందే ఎవరో దీన్ని మొత్తం విప్పారు. ఆ పిన్ను కొలిచి చూడు, పాతది అరిగితే రంధ్రాన్ని రీమర్‌తో కొంచెం పెద్దది చేసి లావు పిన్ను వేసి ఉంటాడు.

గ్రీజుచేతులు:
కొలిచా. పై పిన్ను కంటే కింద పిన్ను లావు, తేడా వెర్నియర్‌లో స్పష్టంగా తెలుస్తోంది. తల కూడా లేత్ మీద తిప్పినట్టుంది, గుండ్రని గీతలున్నాయి. అది ఆడట్లేదు, ఆడేది పైనున్న పాతదే.

రెంచ్‌రావు:
హహహ. ఇప్పుడు చెప్పండి పిచ్చోడన్నా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు కాపాడాలన్నారు కదా. ఫ్యాక్టరీ పిన్ను పోయి ఎన్నేళ్ళైందో. ఆ వెండి రంగు కూడా ఆ పెద్దాయనదే అయ్యుంటుంది. ఆయన కూడా నాలాగే పెయింట్ కొట్టే జాతి! మీ లెక్కన ఆయన కూడా దోషే.

పాతఇనుం_పిచ్చోడు:
రాత్రంతా దీని గురించే ఆలోచించా, నవ్వుకోండి. ఒప్పుకుంటున్నా, వెండి రంగు కింద దాక్కున్న ఫ్యాక్టరీ రంగు కోసం నేను వెండి రంగు గీకమనేవాడిని, కానీ ఆ పిన్ను చేసినోడి చేతి పనిని మాత్రం ముట్టుకోవద్దనేవాడిని. రెండూ ఒకే మనిషి చేసినవైతే ఒకటి చెత్త, ఇంకోటి చరిత్ర ఎలా అవుతాయో నాకే అర్థం కావట్లేదు. పైగా మన అభిమాన కంపెనీలు పుట్టిందే ఇలాంటి చేతుల్లోంచి కదా. రీలోడింగ్ సామాన్లు చేసే ఆర్‌సీబీఎస్ అంటే రాక్ చక్ బులెట్ స్వేజ్, 1943లో కాలిఫోర్నియా ఓరొవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్‌టన్ యుద్ధం రోజుల్లో తూటాలు దొరక్క, వాడేసిన .22 గుల్లలతో బులెట్లకి తొడుగు చేసుకునే డై తయారు చేసుకున్నాడు, ఆ డై పేరే కంపెనీ పేరైంది.

అయినా ఒక మాట మీద నిలబడతా. పిన్ను మార్చడం వల్ల ప్రెస్ ఇంకా కొన్నేళ్ళు బతికింది. రంగు మార్చడం వల్ల ఏం ఒరిగింది?

రెంచ్‌రావు:
తుప్పు ఆగింది అన్నా, ఎన్నిసార్లు చెప్పాలి. వెండి రంగున్న చోట తుప్పు లేదు, రంగు లేని రామ్ మీదే ఉంది, ప్రెస్సే సాక్ష్యం చెప్తోంది కదా.

సీసంభయం:
రామ్‌కి రంగు వేయరు రావుగారూ, వేస్తే కదలదు. దానికి నూనే గతి.

రెంచ్‌రావు:
అదీ నిజమే. సరే ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నా, వాదన కాదు.

కిరోసిన్‌తాత:
రామ్‌కి అద్దం పాలిష్ అన్నావు మొదట్లో, అది కూడా వద్దు. తుప్పు తియ్యాలి గానీ ఇనుము తియ్యకూడదు. సన్నటి స్టీలు ఉన్ని, నూనె, చేత్తో, పొడవునా కాకుండా గుండ్రంగా తిప్పుతూ. గుంటలు పడిన చోట గుంటల్ని వదిలెయ్, అక్కడ నూనె నిలుస్తుంది, నష్టం లేదు. డ్రిల్లుకి బిగించి శాండ్ పేపర్ పెట్టావంటే రామ్ సన్నబడి రంధ్రంలో తల ఊపుతుంది, డై నిటారుగా ఉన్నా గుల్ల వంకరగా లేస్తుంది. అప్పుడు పైన వెండి రంగున్నా బంగారు రంగున్నా ఒకటే.

గ్రీజుచేతులు:
సరే అందరూ చెప్పింది విన్నాక ఇలా అనుకుంటున్నా. ఊడిన పెచ్చులు తడిగుడ్డతో తీసేస్తా, గట్టిగా ఉన్న వెండి రంగు అలాగే ఉంటుంది, ఊడిన చోట్ల మాత్రం పల్చగా నూనె. పై పిన్నుకి కూడా లావుది చేయిస్తా, ఆయన చేసినట్టే, చుక్కలు కూడా పెడతా. రావన్నా తిట్టుకోకు, ఇంకో ప్రెస్ దొరికితే దానికి పెయింట్ కొడతా.

ఒక చిక్కు మిగిలింది. నా దగ్గరున్న మామూలు షెల్‌హోల్డర్, అదే రామ్ తల మీద గుల్లని పట్టి ఉంచే ముక్క, దీని రామ్‌లో కూర్చోవట్లేదు.

పాతఇనుం_పిచ్చోడు:
కూర్చోదు. హెర్టర్స్ వాళ్ళ షెల్‌హోల్డర్ వాళ్ళదే వేరు, వాళ్ళ సరుకుతో వాళ్ళదే వాడాలి అన్నమాట. మామూలుది పట్టేలా రామ్ తల కోసేయమని ఎవరన్నా చెప్తారు, చెప్పేది ఎవరో కూడా నాకు తెలుసు. కోయొద్దు. అడాప్టర్లు దొరుకుతాయి, లేదంటే నా డబ్బాలో పాతవి నాలుగైదు ఉన్నాయి, నీ గుల్ల సైజు చెప్పు, వెతుకుతా.

రెంచ్‌రావు:
కోయమని నేనేం చెప్పలేదు!! ...చెప్పబోయాను, చెప్పలేదు.