స్టూడియోలో సరిదిద్దిన లైవ్ ఆల్బమ్‌ని లైవ్ అనొచ్చా?

పాతక్యాసెట్:
ఈగల్స్ బ్యాండ్ 1980లో తెచ్చిన లైవ్ ఆల్బమ్ ఈ మధ్య మళ్లీ విన్నాను. గొంతులన్నీ కలిసే చోట ఒక్కసారి కూడా శ్రుతి జారదు. ఎలా జారుతుంది? ఆల్బమ్ మిక్సింగ్ నాటికే బ్యాండ్ ముక్కలైంది. బ్యాండ్ గాయకుడు గ్లెన్ ఫ్రై లాస్ ఏంజెలెస్‌లో, మిగతావాళ్లు నిర్మాత బిల్ సిమ్‌జిక్‌తో మయామీలో. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా టేపులు కొరియర్‌లో పంపించుకుంటూ గొంతులు దిద్దుకున్నారు. ఈ సంగతి సిమ్‌జిక్కే తర్వాత బయటపెట్టాడు. అట్ట మీద మాత్రం 'లైవ్'. నా లెక్కలో ఇది కొనేవాణ్ని మోసం చేయడమే. కాదనేవాళ్లు వాదించండి.

మిక్సర్‌బాబు:
క్యాసెట్ గారూ, తొందరపడకండి. స్టేజీ సౌండ్ చేసేవాడిగా చెబుతున్నా. ఒక్కో మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ని మూడుగా చీలుస్తాం. ఒకటి జనం వినే స్పీకర్లకి, ఒకటి ఆర్టిస్టులు తమ పాట తాము వినే స్టేజీ స్పీకర్లకి, అంటే మానిటర్లకి, మూడోది రికార్డింగ్‌కి. మొదటి రెండూ బాగానే ఉండి మూడోది పోయిందనుకోండి, హాల్లో అందరూ విన్న గొంతు టేపులో ఉండదు. ద హూ బ్యాండ్‌కి ఇలాంటి దెబ్బే తగిలింది. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీలో, మర్నాడు హల్ అనే ఊళ్లో రికార్డ్ చేశారు. హల్ టేపుల్లో కొన్ని పాటలకి బేస్ గిటారే ఎక్కలేదు. లీడ్స్ టేపుల్లో వెనక గొంతులు సరిగ్గా రాకపోతే తర్వాత పాడి కలిపారు. తమాషా ఏంటంటే, అలా వచ్చిన 'లైవ్ ఎట్ లీడ్స్' రికార్డు లేబుల్ మీద చిటపటలు వినిపిస్తే ఫర్వాలేదు, సరిచేయొద్దు అని రాసుకున్నారు! గొప్ప లైవ్ ఆల్బమ్ ఏదంటే చాలామంది ముందు దాని పేరే చెబుతారు. దాన్నీ మోసం అంటారా?

పాతక్యాసెట్:
టేపుకి ఎక్కనిదాన్ని మళ్లీ పాడితే మరమ్మతు. చెడగొట్టి పాడి, బాగా పాడినట్టు చూపిస్తే? దానికి నేను డబ్బులెందుకు పెట్టాలి?

గ్యాలరీసీటు:
ఆ గీత ఎక్కడ గీస్తారు సార్? థిన్ లిజీ 1978 లైవ్ ఆల్బమ్ గొడవ తెలుసుగా. నిర్మాత టోనీ విస్కాంటి 75 శాతం స్టూడియోలో చేసిందే అన్నాడు. మేనేజర్ క్రిస్ ఓడానెల్ కాదు, 75 శాతం లైవే అన్నాడు. అంకె మాత్రం ఇద్దరిదీ ఒకటే. దగ్గరుండి చేయించినవాళ్లకే లెక్క తేలలేదు, మనం తేలుస్తామా?

ఇంకోటి. క్వీన్ 1979 లైవ్ ఆల్బమ్‌లో 'బొహీమియన్ రాప్సడీ' పాట. ఒపేరా భాగం వచ్చేసరికి బ్యాండ్ స్టేజీ దిగిపోయేది, టేపు నడిచేది. మీ కొలతలో ఇది పాసా, ఫెయిలా?

పాతక్యాసెట్:
పాస్. ఆ రాత్రి జరిగింది అదే కదా.

రెండోవరస:
అసలు 'ఆ రాత్రి' అంటే ఏ రాత్రి? యూటూ బ్యాండ్ 1983 లైవ్ ఆల్బమ్ 'అండర్ ఎ బ్లడ్ రెడ్ స్కై' అనగానే కొలరాడోలో రెడ్ రాక్స్ ఆరుబయటి వేదిక, ఆ వాన గుర్తొస్తాయి. అది అదే పేరుతో వచ్చిన వీడియో మహిమ. ఆల్బమ్‌లో ఎనిమిది పాటలుంటే రెడ్ రాక్స్‌వి రెండే, ఎక్కువ భాగం జర్మనీలో రికార్డయింది. గొంతు మార్చడం కన్నా నాకు ఇదే పెద్ద చిక్కు.

బేస్‌లైన్:
అందరూ గాయకుడి గొంతు గురించే కొట్టుకుంటున్నారు. లైవ్ ఆల్బమ్‌లో జనమూ ఒక వాయిద్యమే. చీప్ ట్రిక్ బ్యాండ్ 'ఐ వాంట్ యూ టు వాంట్ మీ' పాటని 1977లో స్టూడియోలో చేస్తే అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. జపాన్‌లోని బుడోకాన్ హాల్లో చేసిన లైవ్ ఆల్బమ్‌లో వచ్చిన అదే పాట 1979లో బిల్‌బోర్డ్ చార్టులో 7వ స్థానం దాకా వెళ్లింది. వేగం పెంచి వాయించారు, నిజమే. కానీ లైను చివరి మాటని జపాన్ అభిమానులు అందుకుని తిరిగి అరవకపోతే అంత ఊపు వచ్చేదా? గిటార్ నోటు ఒకటి మార్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. అరుపులు ఇంకెక్కడి నుంచో తెచ్చి అతికిస్తే మాత్రం క్షమించను.

గ్యాలరీసీటు:
మరి అరుపులు తగ్గిస్తే? 1964, 65ల్లో హాలీవుడ్ బౌల్‌లో బీటిల్స్ కచేరీలు మూడు ట్రాకుల టేపు మీద రికార్డయ్యాయి. స్టేజీ మీద మానిటర్లు లేవు, కేకల్లో వాళ్ల పాట వాళ్లకే వినపడలేదు. ఆల్బమ్‌గా రావడానికి 1977 దాకా పట్టింది. 2016లో బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ కొత్త టెక్నాలజీతో కేకల్ని వెనక్కి నెట్టి గొంతులు ముందుకు తెచ్చాడు. వినడానికి హాయిగా ఉంది. కానీ ఆ రోజు అక్కడున్నవాళ్లెవరికీ అలా వినపడలేదు, బీటిల్స్‌తో సహా.

మిక్సర్‌బాబు:
నేను మొదటి నుంచీ అంటున్నది అదే. జనం అరుపుల కోసం స్టేజీకి 34 మీటర్ల దూరంలో మైకు పెడితే డ్రమ్ దెబ్బ దానికి సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఉన్నదున్నట్టు కలిపేస్తే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. అందుకని ఆ ట్రాకుని ముందుకి జరుపుతాం. సర్దకుండా ఏ ఆల్బమూ బయటికి రాదు.

పాతక్యాసెట్:
సర్దుకోండి, ఎవరొద్దన్నారు? నేనడిగేది చిన్న విషయం. ఏ పాట ఏ ఊళ్లో పాడారో, ఏ భాగం మళ్లీ పాడారో అట్ట మీద వేయండి. లాయర్లకి, మేనేజర్లకి థాంక్స్ చెప్పడానికి చోటుంటుంది కదా!

రెండోవరస:
ఏ ఊరో వేయడం వరకు ఓకే. మళ్లీ పాడిన లైను ఫలానా అని తెలిస్తే మాత్రం పాట అక్కడికి వచ్చినప్పుడల్లా చెవి దాని మీదే ఉంటుంది. నాకొద్దు ఆ జాబితా.

బేస్‌లైన్:
మిక్సర్ గారూ, జాబితా లేకుండా మనమే పట్టుకునే మార్గం ఏమైనా ఉందా?

మిక్సర్‌బాబు:
కొంతవరకు ఉంది. స్టేజీ మీద గాయకుడి మైకులోకి అతని గొంతు ఒక్కటే రాదు, సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు ఉండే లోహపు పళ్లేలు), గిటార్ కూడా కారుతుంటాయి. మేం బ్లీడ్ అంటాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గొంతు మొదలయ్యే క్షణం, ఆగే క్షణం వినండి. స్టేజీ మీద పాడిందైతే చాలాసార్లు గొంతుతో పాటు సింబల్స్ కూడా కాస్త మారతాయి. గొంతు వచ్చి వెళ్లినా డ్రమ్స్ ఇసుమంత కదలకపోతే అనుమానించొచ్చు. కొత్త గొంతు వెనక సన్నగా పాత గొంతు వేరే పొడవులో మాట పలికితే ఇక అనుమానం అక్కర్లేదు. డ్రమ్ మైకుల్లో చిక్కుకున్న గొంతుని పూర్తిగా తుడిచేయడం ఆ రోజుల్లో కుదిరేది కాదు.

క్యాసెట్ గారూ, మీ ఈగల్స్ ఆల్బమ్ మీద ఇది ప్రయత్నించండి. ఏ పాటలో ఏ సెకను దగ్గర ఏం దొరికిందో ఇక్కడ పెట్టండి, అప్పుడు మిగతా గొడవ చూసుకుందాం.