అప్‌డేట్: కందిరీగలు వదిలినా కొట్టంలో ఈగలు ఎందుకు తగ్గలేదంటే

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. అనంతపురం దగ్గర 6 ఆవుల కొట్టంలో, ఈగల ప్యూపాల్లో (పురుగు ఈగగా మారే గట్టి గూళ్లలో) గుడ్లు పెట్టి వాటిని చంపే కందిరీగలను రెండుసార్లు వదిలినా ఫలితం లేదని అడిగాను గదా. "పేడదిబ్బ మీద పురుగుమందు కొట్టడం ఆపండి" అన్నవాళ్ల మాటే నిజమైంది. ఆ మందుకు కందిరీగలూ చస్తున్నాయి.

రెండో కారణం పశువుల డాక్టరు చూపించారు. కుడితి తొట్టి కింద నానిన తవుడు, చొప్ప కెలికితే గుప్పెడు గోధుమరంగు ప్యూపాలు. అన్నిటికీ ఒక కొస మూతలా ఊడిపోయి ఉంది, అంటే ఈగే బయటికొచ్చింది. కందిరీగ వచ్చుంటే సన్నటి గుండ్రటి చిల్లు కనబడుతుంది.

ఆ తడి ఎత్తేశాం. ఈగ గుడ్డు నుంచి 7-10 రోజుల్లో తయారవుతుంది, కాబట్టి వారానికి రెండుసార్లు పేడ పలచగా ఆరబెడుతున్నాం. కందిరీగలకు దాదాపు 3 వారాలు పడుతుంది, అందుకే ఒకసారి వదిలితే చాలదు, వారం వారం వదలాలి. వాటిని గిట్టలు పడని, చీమలు చేరని మూలల్లోనే పెట్టండి. ఈ కందిరీగలు చీమంత ఉంటాయి, మనల్నీ పశువుల్నీ కుట్టవు. ఎగిరే ఈగలను ముట్టవు, వాటికి జిగురు అట్టలు కట్టాం.

ఆరో వారానికి ఆవులు కాళ్లు విదిలించడం బాగా తగ్గింది. ఎండకు కందిరీగలు చచ్చాయన్న నా అనుమానం తప్పు. ఒక్కోసారి ఎక్కువ సంఖ్యలో వదలాల్సిన అవసరమూ రాలేదు.