ప్రచురణ సంస్థ పుట్టినరోజుకు చౌక పుస్తకాలు: పాఠకుడికి కానుకా, రచయితకు కోతా?

లెస్టర్‌వాసి:
పెంగ్విన్ సంస్థ 1995లో తనకు 60 ఏళ్ళు నిండినప్పుడు 60 పెన్నీల ధరకు చిన్న పుస్తకాలు వేసింది. 2015లో 80 నిండినప్పుడు నల్ల అట్టలతో 80 పుస్తకాలను, ఒక్కొక్కటి 80 పెన్నీలకే ఇచ్చింది. ఆ నల్ల అట్టలవి నా దగ్గర 11 ఉన్నాయి. రైలు నాలుగు స్టేషన్లు దాటేలోగా ఒకటి పూర్తవుతుంది. సంస్థ తన వయసునే ధరగా పెట్టి పాఠకుడి చేతికి పుస్తకం అందించడం కంటె మంచి ఉత్సవం ఏముంటుంది? మనవారు హాలు తీసుకుని, శాలువాలు కప్పి, ఫలహారం పెట్టి పంపించివేస్తారు. ఈ పద్ధతి తెలుగులో ఎందుకు రాదు?

కలంకూలి:
వాటిలో చాలావాటిని పుస్తకాలని ఎలా అంటారో నాకు అర్థం కాదు. పెద్ద గ్రంథంలోంచి 60 పుటలు కోసి అట్ట వేస్తే అది ముక్క అవుతుంది. ముక్క చదివినవాడు ఆ రచయితను చదివేశానని అనుకుంటాడు, అసలు గ్రంథం జోలికి ఇక పోడు.

మానేరుగట్టు:
కలంకూలి గారూ, అలెక్స్ హేలీ నవల ‘రూట్స్’ ఆంగ్లంలో దిండంత ఉంటుంది. దానిని సహవాసి గారు సంక్షిప్తంగా తెలుగు చేయగా, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్టు ‘ఏడు తరాలు’ పేరుతో అందించబట్టే నావంటివాడికి అందులోని కుంటా కింటే ఎవరో తెలిసింది. మీ లెక్కన అదీ ముక్కేనా?

కలంకూలి:
కాదు. సంక్షేపం వేరు, కోత వేరు. సంక్షేపించేవాడు గ్రంథమంతా చదివి, ఏది పోయినా కథ నిలుస్తుందో, ఏది పోతే కూలుతుందో తూచి, మొదలూ చివరా చెడకుండా మళ్ళీ వ్రాస్తాడు. కోసేవాడికి పుటల సంఖ్య తెలిస్తే చాలు.

చెట్టునీడ:
ఆ తూనిక రాయి ఎవరి దగ్గర ఉందో చెబితే మేమూ తూచుకుంటాం.

పాతప్రతి:
అసలు సంగతి వదిలేశారు. పెంగ్విన్ స్థాపకుడు అలెన్ లేన్ 1935లో మొదటి 10 పుస్తకాలను ఒక్కొక్కటి 6 పెన్నీలకు అమ్మినది ఉత్సవం కోసం కాదు. ఆ చౌక ధరే ఆయన వ్యాపారం. వుల్‌వర్త్ దుకాణాలు పెద్దయెత్తున కొనుగోలు చేయబట్టి నిలదొక్కుకున్నాడు. 2025లో 90 నిండినందుకు 90 పుస్తకాలు తెచ్చారు గాని, వాటి ధర 90 పెన్నీలు కాదు. మన దగ్గర ఎమెస్కో వారు ఇంటింటి గ్రంథాలయం పేరుతో పాకెట్ పుస్తకాలు తపాలాలో పంపించిన రోజులు నాకు గుర్తున్నాయి. దానికి పుట్టినరోజు అక్కరలేకపోయింది.

గోదారొడ్డు:
ఇప్పుడు తపాలా శాఖ పుస్తకాల కోసం పెట్టిన జ్ఞాన్ పోస్టులోనే 300 గ్రాముల వరకు 20 రూపాయలు. 20 రూపాయల పుస్తకానికి 20 రూపాయల ప్రయాణం!

కలంకూలి:
చౌక, చౌక అని అందరూ అంటున్నారు గనుక చెబుతున్నాను. పేరెందుకు గాని, ఒక సంస్థ తన 25వ ఏట నా అనువాదాన్ని సగం ధరకు అమ్మింది. ఒప్పందంలో రాయల్టీ ముద్రిత ధర మీద అని ఉంది. లెక్క వచ్చేసరికి ‘ఉత్సవ ప్రతులు’ అనే గడిలో 400, దాని ఎదురుగా సున్నా. ఆనాడు వేదిక మీద నాకు కప్పిన శాలువాకు 350 రూపాయల ధర చీటీ కూడా తీయలేదు. కాగితం అమ్మినవాడు, అచ్చు వేసినవాడు, బైండింగు చేసినవాడు, వీరిలో ఎవరైనా ఉత్సవం పేరున సగం కూలి పుచ్చుకున్నారా?

మానేరుగట్టు:
మూడు రోజులు ముక్కలు, కోతలు అని మమ్మల్ని తిప్పి, ఇప్పుడా ఈ మాట చెప్పడం? మీ తగవు ఆ సంస్థతో. దానికి పుస్తకం చౌకగా అడిగిన మమ్మల్ని తప్పు పట్టడమెందుకు? మా ఊళ్ళో పుస్తకాల దుకాణమంటే గైడ్లు అమ్మే దుకాణమే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాను. గ్రంథాలయానికి వెళితే దినపత్రికల బల్ల చుట్టూ పోటీ పరీక్షల పిల్లలు, కథల బీరువాకు తాళం. చెవి ఎవరి దగ్గర ఉందని అడిగితే ఆయన సెలవులో ఉన్నాడన్నారు; తరువాతి నెల వెళ్ళినా సెలవులోనే ఉన్నాడు. నావంటివాడికి సగం ధర అంటే బేరం కాదండీ, చదవడానికి ఉన్న ఒక్కటే దారి.

కలంకూలి:
మీ దారి నా మడిలోంచి వేశారని మాత్రమే నేనంటున్నాను. కానుక ఇచ్చిన పేరు సంస్థకు, అందుకున్న సంతోషం మీకు, భారం నాకు. లెస్టర్‌వాసి గారు మెచ్చుకున్న 80 పెన్నీల వరుస కూడా చాలావరకు ఎప్పుడో గతించిన రచయితలది. పోయినవారు లెక్క అడగరు.

లెస్టర్‌వాసి:
ఆ కోణం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. మన చట్టం ప్రకారం రచయిత గతించిన తరువాత 60 ఏళ్ళకు హక్కు తీరిపోతుంది కదా. 1915లో పోయిన గురజాడనో, 1919లో పోయిన కందుకూరినో చిన్న పుస్తకాలుగా వేస్తే ఎవరి కడుపూ కొట్టినట్టు కాదు.

మానేరుగట్టు:
గురజాడ ఎక్కడైనా దొరుకుతాడు. దొరకనివాటిని మళ్ళీ అచ్చు వేయడం కావాలి నాకు. కలంకూలి గారూ, మీ అనువాదం ముద్రిత ధరకే కొంటాను. ప్రతి ఉందా?

కలంకూలి:
లేదు. నాకిచ్చిన 10 ప్రతులూ పంచేశాను. నిరుడు అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వరుసలో ఒకటి కనబడితే 40 రూపాయలకు నేనే కొనుక్కున్నాను. దానిని మాత్రం ఇవ్వలేను.

చెట్టునీడ:
బేరమాడారా?

కలంకూలి:
ఆడాను. 60 చెప్పాడు.