రోడ్డు లేని నదిలో నాలుగు రోజుల రాఫ్టింగ్: ముందు ఏం చూసుకోవాలి?

కొత్తతెడ్డు
మేం ఆరుగురం. ఇద్దరికి కయాక్ (ఒక్కరు తెడ్డుతో నడిపే చిన్న పడవ) బాగా వచ్చు, మిగతా నలుగురం రాఫ్ట్‌లో (గాలి నింపిన పెద్ద పడవ). మంచు కరిగి వచ్చే నది. గైడ్‌బుక్‌లో క్లాస్ 3 అని ఉంది, మధ్యలో ఒక్కచోట క్లాస్ 4. ఇద్దరికి ఈత అంతంతమాత్రమే. క్లాస్ 3 అంటే పెద్ద టెన్షన్ లేదనే అనుకుంటున్నాం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సుడిగాలి
ఆ 3ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. నదుల కష్టాన్ని 1 నుంచి 6 దాకా లెక్కేస్తారు సరే, కానీ అది ఫలానా నీటిమట్టానికి ఇచ్చిన నంబరు. నీళ్లు పెరిగితే అదే రాపిడ్ (నీళ్లు రాళ్ల మధ్య ఉరికే చోటు) వేరే రాపిడ్ అయిపోతుంది. నీటి వేగం రెట్టింపైతే మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. పైగా నీళ్లు చల్లగా ఉన్నా, సాయం అందని చోటైనా ఒక క్లాసు పెంచి చూసుకోవడం పద్ధతి. అంటే మీది 3 కాదు, 4. ముందు గేజ్ రీడింగ్ (నదిలో ఎన్ని నీళ్లు పారుతున్నాయో కొలిచిన లెక్క) చూసి, తర్వాత తేదీలు పెట్టుకోండి. సెలవులు దొరికాయని తేదీ పెట్టుకుంటే, నీళ్లు ఎక్కువగా ఉన్నా వెనక్కి రాబుద్ధి కాదు.

కొత్తతెడ్డు
గేజ్ క్యూమెక్కుల్లో ఉందండీ, గైడ్‌బుక్ క్యూసెక్కుల్లో చెబుతోంది.

సుడిగాలి
క్యూమెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు నీళ్లు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఒక క్యూమెక్కు అంటే సుమారు 35 క్యూసెక్కులు. మీరు అడిగింది మంచిదైంది.

నీటిపిట్ట
మంచు నది అన్నారు కాబట్టి ఒక మాట. పగటి ఎండకు కరిగిన నీళ్లు సాయంత్రానికి వస్తాయి, బాగా దిగువన అయితే రాత్రికి. కష్టమైన రాపిడ్లు పొద్దున్నే దాటేయండి. క్యాంపు వేశాక నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, గంట తర్వాత చూడండి. మేం ఒకసారి అలా పెట్టిన పుల్ల భోజనాలయ్యేసరికి కనబడలేదు. టెంట్లు పైకి జరిపి, పడవల్ని ఇంకా పైకి లాగి చెట్లకు కట్టాం. ఎగువన డ్యామ్ ఉంటే నీళ్లు ఎప్పుడు వదులుతారో కూడా కనుక్కోవాలి. అక్కడ ఎండతో సంబంధం ఉండదు.

గట్టునున్నోడు
ఈత రానివాళ్లు పడిపోతే కంగారుపడకుండా దొరికిన కొమ్మో చెట్టో పట్టుకుంటే చాలు. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా.

రాతిగుండు
గట్టునున్నోడు గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. ప్రవాహానికి అడ్డంగా పడిన చెట్టే నదిలో అన్నిటికన్నా ప్రమాదం. నీళ్లు జల్లెడలోంచి పోయినట్టు కొమ్మల మధ్య పోతాయి, మనిషి మాత్రం అక్కడే ఇరుక్కుపోతాడు. దూరం నుంచే చూసి పక్కకు ఈదాలి. ఇక తప్పదనుకుంటే బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి, దానివైపే గట్టిగా ఈది, చెట్టు మీదికి ఎక్కేయాలి.

మిగతా చోట్ల అయితే వెల్లకిలా పడుకుని, కాళ్లు దిగువకు, పాదాలు నీటిపైకి తేలేలా ఉంచాలి. లేచి నిలబడాలని అనిపిస్తుంది, అదే వద్దు. పారే నీళ్లు మోకాలి లోతు దాటితే పాదం రాళ్ల సందులో ఇరుక్కుని, వెనకనుంచి వచ్చే ప్రవాహం ముఖాన్ని నీళ్లలోకి తోసేస్తుంది. అంత లోతులో కూడా మనుషులు పోయారు.

ఆ ఇద్దర్నీ బయల్దేరే ముందే హెల్మెట్, జాకెట్‌తో ఏదైనా తేలిక రాపిడ్‌లో కావాలనే ఈదించండి. ఒడ్డునుంచి మిగతావాళ్లు త్రో బ్యాగ్ (లోపల తాడు ఉన్న సంచి) విసరాలి. తాడు అందినవాడు దాన్ని భుజం మీదుగా పట్టుకుని వెల్లకిలా తిరగాలి. చేతికి చుట్టుకోకూడదు, ఒంటికి కట్టుకోకూడదు. ఈ ప్రాక్టీస్‌కి ‘మాకొద్దు’ అన్నవాళ్లు నదికి కూడా వద్దు.

నీటిపిట్ట
+1. బట్టల్లో కాటన్ ఒక్కటి కూడా వద్దు. చల్లటి నీళ్ల కోసం వేసుకునే వెట్‌సూటో డ్రైసూటో ఉండాల్సిందే. చల్లటి నీళ్లలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు. ఆ నిమిషం ముక్కూ నోరూ నీటిపైన ఉంచుకోవడమే పని.

కొత్తతెడ్డు
అందరికీ థాంక్స్. ఈ వారం ప్రాక్టీస్ పెడుతున్నాం. క్లాస్ 4 దగ్గర పడవ దిగి, ఒడ్డున నడిచి చూసి, అనుమానం ఉంటే పడవలు మోసుకుని దాటేస్తాం. కయాకర్లలో ఒకరు ముందు దిగి కింద కాపలా ఉంటారు.

రాతిగుండు
బాగుంది. ఆ దిగే చోటు మ్యాప్‌లో ముందే గుర్తు పెట్టుకోండి, రాపిడ్ చప్పుడు వినబడ్డాక వెతుక్కోవద్దు. శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేని చోటు నుంచీ మెసేజ్ పంపే పరికరం) తీసుకెళ్లండి, ఏ రోజుకి బయటపడతారో ఇంట్లో రాసిచ్చి వెళ్లండి.

గట్టునున్నోడు
కొమ్మ సంగతి తెలిసొచ్చింది, థాంక్స్ రాతిగుండు గారూ. పడవ సంగతి తెలియకపోయినా కారు సంగతి చెప్తా: చివర్లో దిగే చోట పెట్టిన బండి తాళం, మొదట్లో ఆపిన బండిలో మర్చిపోకండి.