గంజాయితో మొదలైన అలవాటు అక్కడితో ఆగుతుందా?

ప్రశ్న:
విశాఖపట్నంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా తమ్ముడు సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు, బట్టలు నానబెడదామని తీస్తుంటే వాడి ప్యాంటు జేబులో చుట్టుకునే కాగితాల కట్ట, చిన్న కవరులో నలిగిన ఎండు ఆకు కనిపించాయి. నిలదీస్తే నెలకు రెండు మూడు సార్లు గంజాయి తాగుతున్నానని ఒప్పుకున్నాడు. నాన్నగారికి ఇంకా చెప్పలేదు. గంజాయి పట్టినవాడు హెరాయిన్ దాకా పోకుండా ఆగడని మా మేనమామ ఎప్పుడూ అంటుంటారు. వాడేమో "అది మొక్కే కదా అక్కా" అంటున్నాడు. ఎవరి మాట నమ్మను?

సమాధానం 1:
అమ్మా, మీ మేనమామ గారి మాటకు ఆధారం లేకపోలేదు. అమెరికా యువత ముందు బీరు, వైన్, తర్వాత సిగరెట్లు లేదా ఘాటైన మద్యం, ఆపైన గంజాయి, చివరికి ఇతర మత్తుమందులు అనే వరుసలో సాగుతోందని పరిశోధకురాలు డెనిస్ కాండెల్ 1975లోనే చూపారు. అయితే వరుస వేరు, కారణం వేరు. గంజాయి తాగిన వారిలో ఎక్కువమంది హెరాయిన్ జోలికి పోరు. ఆస్ట్రేలియాలో 311 కవల జతలను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం నాకు ముఖ్యంగా తోస్తుంది. ఒకే ఇంట్లో పెరిగినా, 17 ఏళ్ళలోపే గంజాయి మొదలుపెట్టిన వారు, అప్పటికి దాన్ని ముట్టని తమ కవలల కంటే ఎక్కువగా ఇతర మత్తుమందుల వైపు వెళ్ళారు. దీనికి స్నేహాలు, సరుకు అందుబాటు కూడా కారణం కావచ్చని ఆ పరిశోధకులే రాశారు. కనుక ఏ వయసులో మొదలైందో ముందు కనుక్కోండి.

సమాధానం 2:
అక్కా, ఆ దారిన పోయి వెనక్కి వచ్చినవాణ్ణి కనుక రాస్తున్నాను. నన్ను ముందుకు నెట్టింది గంజాయి కంటే దాన్ని తెచ్చిచ్చిన మనిషే. ఏడాదిపాటు పొట్లాలు ఇచ్చినవాడు ఒక రోజు సరుకు రాలేదంటూ నొప్పి మాత్రల అట్ట చేతిలో పెట్టాడు. దాని మీది పేరును గోటితో గీకేసి ఉంది. ఆ రోజు డబ్బు కూడా తీసుకోలేదు. నెదర్లాండ్స్ 1976లో చట్టం మార్చి గంజాయిని హెరాయిన్ వంటి వాటి నుంచి విడదీసినప్పుడు, ఈ రెండూ ఒకే చేతి మీదుగా అందకూడదన్నదే అక్కడివారి ఆలోచన. తమ్ముడికి ఎవరు ఇస్తున్నారో అడగండి.

సమాధానం 3:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పాలి. హెరాయిన్ దాకా పోకపోతే ఫర్వాలేదన్న ధోరణి సరికాదు. చిన్న వయసులో, తరచుగా తాగేవారికి గంజాయి ఒక్కటే చదువునూ మనసునూ దెబ్బతీయగలదు. ఇక మొక్క అంటారా, హెరాయిన్‌కు మూలమైన నల్లమందు కూడా గసగసాల మొక్క కాయ నుంచి కారే పాలే. కేసు అవుతుందన్న భయంతో చికిత్స ఆపకండి. కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తానుగా చికిత్సకు వస్తే 1985 నాటి మత్తుమందుల చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి అడిగాను. ఇంటర్ హాస్టల్లో, పదహారేళ్ళకే మొదలైందట. తెచ్చిచ్చేది ఎవరో మాత్రం చెప్పడం లేదు. రేపు ఉదయం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఆ నంబరుకు ఫోన్ చేస్తాను.