గాలి శబ్దం తీస్తుంటే పెదవుల కంపనం కూడా పోతోంది, ఏం చేయాలి?

పసిఫిక్ దేశం వనువాటులోని మలేకులా దీవిలో కొద్దిమందే మాట్లాడే అవావా భాష రికార్డింగులపై పని చేస్తున్నాను. ఈ భాషను అధ్యయనం చేసిన భాషాశాస్త్రవేత్త టెర్రీ క్రౌలీ 2005లో చనిపోయారు. ఆయన రాసిన అవావా వ్యాకరణం జాన్ లించ్ సంపాదకత్వంలో 2006లో వచ్చింది. చిన్నపిల్లలు బండి తోలుతూ బుర్ర్‌మన్నట్టు పెదాలు రెండూ అదిరే ధ్వని ఈ భాషలో ఉంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే.

ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్. ఆరుబయట చేసినవి, సముద్రపు గాలి హోరు బాగా ఉంది. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ 12 డెసిబెల్స్, సెన్సిటివిటీ 6 పెట్టాను. హోరు తగ్గింది కానీ, ధ్వనుల్ని కొలిచే సాఫ్ట్‌వేర్ ప్రాట్‌లో చూస్తే పెదాల అదుర్లు ఒకదాన్నుంచి ఒకటి విడిగా కనిపించడం లేదు, ముద్దయిపోయాయి. 6 డెసిబెల్స్‌కి దించితే గాలి అలాగే ఉంది. 100 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకంటే తక్కువ శబ్దాల్ని తగ్గించేది) వేస్తే అదుర్లు తెలుస్తున్నాయి గానీ, వాటి ముందుండే 'మ్' బాగా పలచబడిపోతోంది. స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిని బొమ్మగా చూపేది) విండో 0.005 సెకన్లే ఉంచాను. మళ్లీ రికార్డు చేసే వీలు లేదు, మాట్లాడినవాళ్లు పెద్దవాళ్లు. అందుకే టెన్షన్.

ముందున్న 'మ్' చెడకుండా, ఒక్కో అదురు విడిగా కొలవగలిగేలా గాలి హోరు తగ్గించాలంటే ఏ ఫిల్టర్, ఏ సెట్టింగులు వాడాలి?